గజపతి మేత ముట్టలేదు

ఆ ఆదివారం పొద్దున ఆకివీడు పశువుల ఆసుపత్రి డాక్టరు అచ్యుతరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి సైకిలెక్కి సింగంపర్రు వెళ్ళడం, నరసింహరాజు గారి ఆంబోతుకు ఏ రోగమూ లేదని కాగితం రాసి సంతకం పెట్టడం, పదిన్నరకల్లా తిరిగొచ్చి లేత వంకాయలు కూరి వండుకోవడం, తిని సాయంత్రం దాకా పడుకోవడం. వంకాయలు అప్పటికే కడిగి పళ్ళెంలో పెట్టుకున్నాడు. ఉద్యోగంలో చేరిన మూడు నెలల్లో అతనికి దొరికిన మొదటి ఖాళీ ఆదివారం అది.

అచ్యుతరావుది ఏలూరు. వయసు ఇరవై అయిదు. మద్రాసులో పశువైద్యం చదివి మొదటి తరగతిలో నెగ్గాడు. గేదె కడుపులో ఉండే నాలుగు అరల పేర్లూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. మనుషులతో మాట్లాడవలసి వచ్చినప్పుడే అతనికి చిక్కు. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమో అన్న భయంతో కాదు, వద్దు, నాకు కుదరదు అన్న మూడు మాటలూ అతని నోటికి అలవాటు కాలేదు. ఇంక భోజనం సంగతి చెప్పాలంటే, వాళ్ళ ఇంట్లోకి కోడిగుడ్డు కూడా ఏనాడూ గడప దాటి రాలేదు.

కాంపౌండరు పాపారావు వెనకాల ఇంకో సైకిలు మీద వస్తూ, సగం దారిలో, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు. "భోజనం కూడా అక్కడేనండి."

"భోజనమా? వద్దు పాపారావ్. నేను వంకాయలు..."

"వద్దంటే రాజుగారు నొచ్చుకుంటారండి. కిందటి డాక్టరుగారు ఒకసారి వద్దన్నారండి. అంతే, ఏడాది పొడుగునా సింగంపర్రు గొడ్లన్నిట్నీ భీమవరం తోలుకుపోయారండి."

అచ్యుతరావు కంగారుపడ్డాడు. "ఏం పెడతారు?"

పాపారావు కాలవ మీద తీగకు వేలాడుతున్న గిజిగాడి గూళ్ళ వైపు చూశాడు. "ఉన్నదేదో పెడతారండి," అన్నాడు.

నిజానికి ముందురోజే నరసింహరాజు గారు పాపారావును పిలిచి, కొత్త డాక్టరు గారికి ఏమిష్టమని అడిగారు. పాపారావుకు మేక మాంసం అంటే ప్రాణం. ఇంట్లో భార్య ఆ మధ్య ఏదో మొక్కు మొక్కుకుని మాంసం మానిపించింది. అందుకని అతను తడుముకోకుండా, "మద్రాసులో చదువుకున్నవారు కదండీ, మేక మాంసం లేందే ముద్ద దిగదండి," అని చెప్పేశాడు. రాజుగారు ఎంతో సంతోషించారు.

అయితే ఆదివారం వీళ్ళు సైకిళ్ళు దిగేసరికి రాజుగారి ముఖంలో ఆ సంతోషం లేదు. ఎప్పుడూ మెలితిరిగి ఉండే మీసాలు రెండూ కిందికి జారి ఉన్నాయి.

"దేవుడిలా వచ్చారండి డాక్టరుగారూ!" అంటూ అరుగు దిగి ఎదురొచ్చారు. "గజపతి మేత ముట్టలేదండి."

"ఎప్పట్నించండీ?"

"నిన్న సాయంత్రం నించండి. కుడితి తొట్లో మూతి కూడా పెట్టలేదండి. బుధవారం తాడేపల్లిగూడెంలో పశువుల ప్రదర్శనండి! కిందటేడు తణుకు వైపువాళ్ళు కప్పు ఎగరేసుకుపోయారు. ఈ ఏడు మనదేనని ఊరంతా చెప్పుకున్నానండి. ఇప్పుడు డొక్కలు పీక్కుపోయిన ఆంబోతును తీసుకెళ్ళి నిలబెట్టమంటారా?"

గజపతి నిజంగానే చూడదగ్గ జంతువు. పాలనురుగులాంటి ఒళ్ళు, ఆరడుగుల మనిషి చెయ్యెత్తితే గాని అందని మూపురం. రాజుగారు రోజుకు నాలుగుసార్లు దొడ్లోకి వెళ్ళి ఆ మూపురాన్ని చూసి వస్తారు. వారి చూపు ఎప్పుడూ మూపురం దిగి కిందికి వచ్చింది లేదు.

అచ్యుతరావు చొక్కా చేతులు మడిచి పనిలోకి దిగాడు. థర్మామీటరు పెట్టి చూస్తే నూటొకటిన్నర. ఆంబోతుకు ఉండవలసినంతే. ముక్కు చెమ్మగా ఉంది. నోట్లో పుండ్లు లేవు. గొంతు వాచలేదు. పేడ సరిగానే ఉంది. ఎడమ డొక్కలో పిడికిలి పెట్టి నొక్కాడు. కడుపు ఖాళీగా ఉందన్న మాటే గాని వేరే దోషం తగల్లేదు. పుస్తకంలో ఉన్న రోగాలన్నీ ఒక్కొక్కటే వచ్చి గజపతి ముందు నిలబడి, ఇది మా పని కాదని వెళ్ళిపోయాయి.

దొడ్డి ఊడ్చే పైడమ్మ చీపురు పట్టుకుని ఓ మూల నిలబడి ఇదంతా చూస్తోంది. అరవై ఏళ్ళ మనిషి. పుట్టిల్లు కొల్లేట్లో లంక. గజపతి దూడగా ఉన్ననాటినుంచి దాని ఆలనా పాలనా ఆమెదే. "రోగం లేదు, పాడూ లేదు. ఆడి మనసు బాగోలేదు," అని గొణిగింది.

అచ్యుతరావుకు ఆ మాట వినపడింది. కాని మనసు అనే అవయవం అతను చదివిన పుస్తకాల్లో ఏ పేజీలోనూ లేదు. పైగా రాజుగారు, ఆయన వెనక పాతికమందీ, డాక్టరు ఇప్పుడేం చేస్తాడా అని చూస్తున్నారు. ఏదో ఒకటి చేయకపోతే బాగుండదు. "పొట్ట కదలడానికి మందు పట్టిద్దాం," అన్నాడు.

భేదిఉప్పు, అల్లం రసం కలిపి వెదురు గొట్టం నిండా పోశారు. నలుగురు మనుషులు గజపతి తల పైకెత్తి పట్టుకున్నారు. పాపారావు ఎదురుగా నిలబడి, "గట్టిగా పట్టుకోండి! ఆ, అలాగే! ఇంకా పైకి!" అని గొంతు చించుకుంటున్నాడు. గజపతి కోపం లేకుండానే ఒక్కసారి తల విదిలించింది. గొట్టంలో సగం మందు రాజుగారి పట్టు ఉత్తరీయం మీద పడింది. మిగతా సగం, "ఇంకా" అని తెరిచిన పాపారావు నోట్లోకి సూటిగా వెళ్ళిపోయింది. ఆంబోతుకు సరిపోయే మోతాదు అది. పాపారావు ఒక నిమిషం కదలకుండా నిలబడి, ఆ తర్వాత మాట్లాడకుండా కాలవగట్టు వైపు నడవడం మొదలుపెట్టాడు. నాలుగడుగుల తర్వాత పరుగెత్తాడు. మధ్యాహ్నం దాకా అతను ఎవరికీ కనపడలేదు.

ఒంటిగంటకు వాకిట్లో అరిటాకు వేశారు. రాజుగారు స్వయంగా పీట వాల్చి కూర్చోబెట్టారు. "దొడ్లో నల్ల మేకపోతు ఒకటి ఉండేదండి. మీకోసం దాన్నే అనుకున్నాం. నిన్న సాయంత్రం నించీ అదీ కనపట్టంలేదు, కుక్కలు తరిమాయో ఏమో. అయినా మీకు లోటు చేస్తామా? పొరుగూరినించి వేరేదాన్ని తెప్పించానండి."

అచ్యుతరావుకు అప్పుడు అర్థమైంది. వంటింట్లోంచి వస్తున్న వాసన అతని ముక్కుకు తగిలింది. రాజుగారి భార్య రత్నమాణిక్యం గారు పెద్ద గిన్నె, గరిటె పట్టుకుని నవ్వుతూ వస్తున్నారు. "మొహమాటపడకండి బాబూ. మీ పాపారావు అంతా చెప్పాడు," అన్నారావిడ.

గరిటె ఆకు మీదికి వంగింది. అచ్యుతరావు రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టాడు. నేను తిననండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాని ఏడాదిపాటు భీమవరం నడిచిన గొడ్లన్నీ అతని కళ్ళముందు వరసగా వెళుతున్నాయి. నోటికి వచ్చిన మాట వేరే వచ్చేసింది.

"గజపతి మేత ముట్టేదాకా నేనూ ముద్ద ముట్టనండి!"

రత్నమాణిక్యం గారి చేతిలో గరిటె గాలిలోనే ఆగిపోయింది. నరసింహరాజు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "విన్నారా?" అన్నారు చుట్టూ చూస్తూ. "విన్నారటండీ? నా ఆంబోతు కోసం దీక్ష పట్టిన డాక్టరు! ఇంత వయసొచ్చింది, ఇలాంటి మనిషిని నేనెక్కడా చూళ్ళేదండి!" అని అచ్యుతరావును లేవదీసి గట్టిగా కౌగిలించుకున్నారు.

"మజ్జిగేమైనా..." అని అచ్యుతరావు ఆ కౌగిట్లోంచి చిన్నగా అన్నాడు.

"అయ్యో, దీక్షన్నాక మజ్జిగేమిటి బాబూ," అన్నారు రత్నమాణిక్యం గారు భక్తిగా. "గజపతి కుడితి కూడా ముట్టట్లేదు కదా."

సాయంత్రానికి ఆ కబురు ఊరు దాటిపోయింది. పక్క ఊళ్ళనుంచి కూడా జనం వచ్చారు. దొడ్లో గజపతి పక్కనే డాక్టరుకు నులక మంచం వేశారు. ఇద్దరికీ మెళ్ళో బంతిపూల దండలు వేశారు. గజపతి దండను వాసన చూసి తల తిప్పుకుంది. అచ్యుతరావు మాత్రం తన దండ వంక కాసేపు ఆలోచనగా చూశాడు. భజన చేసేవాళ్ళు తాళాలు పట్టుకొచ్చి ఇద్దరి మధ్యా కూర్చున్నారు. ఎవరో దయతలచి అరటిపళ్ళు తెచ్చారు గాని, అవి నైవేద్యానికట. వాటిని అతనికి కాస్త దూరంలో, చక్కగా కనపడేలా పెట్టారు.

డాక్టరు ఆకలికంటే పాపారావు భయం ఎక్కువైంది. మేక మాంసం మాట బయటపడితే తన ఉద్యోగం పోతుంది. పడకపోతే డాక్టరు పోతాడు. సోమవారం పొద్దున్నే, ఇంకా నీరసంగా ఉన్న కాళ్ళతోనే ఆకివీడు తపాలా ఆఫీసుకు వెళ్ళి, ఏలూరులో ఉన్న జిల్లా పశువైద్యాధికారి యోబు గారికి తంతి కొట్టించాడు. తంతిలో మాటలు తక్కువ ఉండాలి కదా అని ఆంబోతన్న మాట తీసేశాడు. "గజపతి నిరాహారం. సానుభూతిగా డాక్టరు నిరాహారం. జనం పోగవుతున్నారు. వెంటనే రండి," అన్నది ఆ తంతి.

ఇటు దొడ్లో, సోమవారం పొద్దెక్కేసరికి అచ్యుతరావుకు లేచి నిలబడే ఓపిక కూడా పోయింది. థర్మామీటరు పెట్టాలన్నా, డొక్క నొక్కాలన్నా చేతులు లేవట్లేదు. చేసేదేమీ లేక మంచం మీద కూర్చుని గజపతిని చూడటం మొదలుపెట్టాడు. నిన్నంతా దాన్ని పట్టుకున్నాడు, నొక్కాడు, నోరు తెరిపించాడు. ఊరికే కూర్చుని చూడటం మాత్రం ఇదే మొదలు.

చూడగా చూడగా ఒక్కొక్కటే కనపడ్డాయి. జబ్బుపడ్డ పశువు చెవులు వాల్చేస్తుంది. గజపతి చెవులు నిక్కి ఉన్నాయి. అవి కాలవ వైపు తిరిగి ఉన్నాయి. గాలి అటునుంచి వీచినప్పుడల్లా మూతి పైకెత్తి వాసన చూస్తోంది. ఉండుండి కొట్టంలో ఒక మూలకు వెళ్ళి, అక్కడ పాతి ఉన్న చిన్న గుంజను మూతితో రాసి, నిట్టూర్చినట్టు ఊపిరి వదిలి తిరిగి వస్తోంది. ఆంబోతును కట్టే గుంజ కాదది, మోకాలి ఎత్తు కూడా లేదు.

పదింటికి రాజుగారి మనుషులు, దీక్ష ముగిశాక చేయబోయే విందు కోసమని, ఇంకో రెండు మేకలను దొడ్డిదారిన తోలుకొచ్చారు. వాటి అరుపు వినగానే గజపతి చటాలున లేచి నిలబడింది. తాడు బిగిసేదాకా మెడ చాచి, మొదటి మేకను తలనుంచి తోక దాకా వాసన చూసింది. తర్వాత రెండోదాన్నీ చూసింది. ఆ తర్వాత బుస్సుమని ముక్కుతో గాలి వదిలి, అటు తిరిగి పడుకుంది.

అచ్యుతరావు మంచం మీద ముందుకు జరిగాడు.

మధ్యాహ్నం రెండింటికి పైడమ్మ కాలవగట్టు వైపునుంచి వచ్చింది. చీర కుచ్చిళ్ళు మోకాలి దాకా తడిసి ఉన్నాయి. ఆమెను చూడగానే గజపతి మళ్ళీ లేచింది. ఆమె చీరకొంగులో మూతి దూర్చి, కళ్ళు అరమూసుకుని, చిన్నదూడలా సన్నగా మూలుగుతూ ఆ కొంగును నాకడం మొదలుపెట్టింది. తెల్లటి ఆ కొంగు నిండా పొట్టి పొట్టి నల్ల వెంట్రుకలు.

"పైడమ్మా," అన్నాడు అచ్యుతరావు. "ఆ మూలనున్న చిన్న గుంజ ఎవరిది?"

పైడమ్మ కొంగు లాక్కుంది. "ఏ గుంజండి?"

"నల్ల మేకపోతుదే కదూ? దాన్ని ఎక్కడ దాచావు?"

పైడమ్మ అటూ ఇటూ చూసింది. భజనవాళ్ళు అన్నానికి వెళ్ళారు. దగ్గరలో ఎవరూ లేరు. ఆమె భయపడుతుందనుకున్నాడు అచ్యుతరావు. ఆమె చీపురు నేలకేసి కొట్టింది.

"దాచానండి! దాత్తే ఏంటంట? తల్లి చచ్చిపోయిన గుంటడండి ఆడు. మూడేళ్ళకితం ముసురులో తెచ్చి ఈడి కొట్టంలో పడేశారు. ఆనాటినించీ ఇద్దరూ ఒక్క కంచమండి, ఒక్క మంచమండి. ఈడు మేత్తే ఆడు మేత్తాడు, ఆడు పడుకుంటే ఈడు పడుకుంటాడు. శనోరం నాడు రాజుగారు, కొత్త డాక్టరుకి నల్లపోతుని కొయ్యండి అన్నారు. నా సెవులారా ఇన్నాను. సాయంత్రం తాటిదోనెలో ఎక్కించుకుని మా తమ్ముడు పెద్దింటయ్య లంకకి తోలేశాను. ఈడు ఇలా బెంగెట్టుకుంటాడని నాకేం తెలుసండి? రోజూ ఎల్లి ఆడికి రెండాకులు పెట్టి వత్తన్నాను. అంతా మీమూలానే! ఒక్కపూట మాంసం లేకపోతే మీకు పోయేదేంటండి బాబూ?"

అచ్యుతరావు నీరసంగా ఆమె వంక చూశాడు. "పైడమ్మా, నేను పుట్టినప్పట్నుంచీ మాంసం ముట్టలేదు."

"ఆఁ?"

"గుడ్డు కూడా తినను. ఈ దీక్ష కూడా, నిన్న మాంసం ఒద్దని చెప్పలేక పట్టిందే."

పైడమ్మ చీపురు జార్చేసి నేల మీద కూర్చుండిపోయింది. "మరైతే నేను ఎవర్నుంచి దాచానండీ ఆణ్ణి?" అంది. ఒక నిమిషం ఆలోచించి తల అడ్డంగా ఊపింది. "అయినా తేనండి. మీరు తినకపోతే ఇంకోరు తింటారు. రాజుగారు ఆణ్ణి ముట్టనని నోటితో సెప్పేదాకా నేను దోనె ఎక్కను."

అంతలో వీధిలో జీపు ఆగిన చప్పుడైంది.

జీపులోంచి యోబు గారు దిగారు. యాభై దాటిన భారీ మనిషి, తలమీద టోపీ. ఆయన వెనక ఒక సబిన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు దిగారు. వాకిట్లో ఉన్న జనాన్ని, పూలదండలను, తాళాలను చూసి యోబు గారు తల పంకించారు. తను అనుకున్నంతా అయింది.

"గజపతి ఎక్కడ?" అన్నారు గంభీరంగా.

"దొడ్లో పడుకునున్నాడండి," అన్నారు రాజుగారు చేతులు జోడించి. "ముద్ద ముట్టి రెండు రోజులైందండి."

"ఎవరి మనిషి?"

"నా మనిషేనండి. మా ఇంట్లోనే పుట్టాడండి."

యోబు గారు సబిన్‌స్పెక్టరు వంక అర్థవంతంగా చూశారు. "మాట వింటాడా?"

"ఇదివరకు వినేవాడండి. ఇప్పుడు నలుగురు పట్టుకున్నా ఆగట్లేదండి. నిన్న తల విదిలిస్తే పాపారావుకి ప్రాణం మీదకొచ్చిందండి."

సబిన్‌స్పెక్టరు బెల్టు సర్దుకుని కానిస్టేబుళ్ళను ముందుకు పొమ్మని సైగ చేశాడు. అందరూ దొడ్లోకి నడిచారు. అక్కడ నులకమంచం మీద, మెళ్ళో వాడిన బంతిపూల దండతో, అచ్యుతరావు కనిపించాడు. యోబు గారికి కోపం ముంచుకొచ్చింది.

"ఏవయ్యా అచ్యుతరావ్! గవర్నమెంటు నౌకరీ చేస్తూ నిరాహారదీక్షలా? ఉద్యోగంలో చేరి మూణ్ణెల్లు కాలేదు. సరే, నీ సంగతి తర్వాత. ఆ గజపతి డిమాండేమిటి?"

అచ్యుతరావు కష్టపడి లేచి నిలబడ్డాడు. "మేకండి."

"ఏమిటి?"

"ఒక నల్ల మేకండి. అది వస్తేగాని తినడండి."

"మేక కోసం నిరాహారదీక్ష చేసే వాడెవడయ్యా? పిలు వాణ్ణి నా ముందుకి!"

పిలవవలసిన అవసరం లేకపోయింది. కొత్తవాళ్ళ గొంతులు విని గజపతి లేచి నిలబడింది. మూపురం లేచింది, ఆ వెనక కొమ్ములు లేచాయి, మెళ్ళో దండ ఊగింది. కానిస్టేబుళ్ళిద్దరూ చెరో పక్కకు గెంతారు. యోబు గారు ఆంబోతును చూశారు, జేబులోంచి తంతి తీసి చూశారు, మళ్ళీ ఆంబోతును చూశారు. పాపారావు అప్పటికే రాజుగారి వెనక నక్కి ఉన్నాడు.

యోబు గారు వచ్చి మంచం మీద కూర్చున్నారు. "మొదట్నించీ చెప్పు," అన్నారు.

అచ్యుతరావు చెప్పాడు. అతను అంత పొడుగ్గా మాట్లాడటం అదే మొదటిసారి. నిన్నటినుంచీ ఉన్న పస్తు అతని మొహమాటాన్ని తినేసినట్టుంది. జ్వరం లేదని, నోరు, గొంతు, పొట్ట అన్నీ బాగున్నాయని, తను చేసిన పొరపాటు మేత మానేసిన జంతువుకు మందు పోయడమేనని, అది ఎటు చూస్తోందో, దేన్ని వాసన చూస్తోందో ముందే చూసి ఉంటే నిన్న పొద్దున్నే తేలిపోయేదని చెప్పాడు. పైడమ్మ నిన్ననే చెప్పిందని, తనే వినలేదని, కోత తప్పించడానికి ఆమె నల్ల మేకపోతును లంకలో దాచిందని కూడా చెప్పాడు. ఆఖరున రాజుగారి వైపు తిరిగి, "నేను మాంసం తిననండి. నిన్న చెప్పలేకపోయాను. నన్ను క్షమించాలి," అన్నాడు.

రాజుగారు నోరు తెరిచారు. "మరి పాపారావు మేక లేందే ముద్ద దిగదన్నాడే?"

అందరూ పాపారావు వంక చూశారు. "మద్రాసులో చదివారు కదండీ... తింటారేమోననుకున్నానండి," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "కాని నా నోట్లోకి మాత్రం ఒక్క ముక్కా పోలేదండి. భేదిఉప్పే పోయిందండి."

"అంటే నా మేకను నా దొడ్లోంచే దొంగిలించావన్నమాట?" అని రాజుగారు పైడమ్మ మీదికి లేచారు. మీసాలు రెండు రోజుల తర్వాత మొదటిసారి పైకి లేచాయి. పైడమ్మ కదల్లేదు. గజపతి ఆమె వెనకనుంచి వచ్చి కొంగులో మూతి పెట్టింది. అది చూసి రాజుగారి చెయ్యి దిగిపోయింది. ఆయన మొట్టమొదటిసారి మూపురం మీంచి చూపు దించి ఆ మూలనున్న చిన్న గుంజ వైపు చూశారు. దాని చుట్టూ నేల నున్నగా అరిగి ఉంది. ఒకవైపు మేక పడుకున్న గుంట, దాన్ని ఆనుకుని ఆంబోతు పడుకున్న పెద్ద గుంట.

"ఎన్నాళ్ళనించి ఇలా?" అన్నారు మెల్లగా.

"మూడేళ్ళండి," అంది పైడమ్మ.

"నా కళ్ళకి కనపళ్ళేదే!" రాజుగారు ఆమె వైపు తిరిగారు. "పైడమ్మా, ఆ మేక ఇహ ఈ ఇంట్లో ముసలిదై పోవాల్సిందే. దానిమీద చెయ్యేసినవాడు నా గుమ్మం ఎక్కక్కర్లేదు. చాలా? వెళ్ళి తీసుకురా."

యోబు గారు గడియారం చూసుకున్నారు. "సాయంత్రం దాకా ఉంటాను, అచ్యుతరావ్. మేక వచ్చాక ఇది తిన్నదా సరే. తినకపోతే మాత్రం, బెంగ అనే రోగం కనిపెట్టినందుకు నిన్ను ఏజెన్సీ కొండల్లోకి బదిలీ చేస్తాను. అక్కడ మేకలు బోలెడు."

ఆ రెండు గంటలూ అచ్యుతరావు కాలవగట్టు మీదే నిలబడ్డాడు. తన లెక్క తప్పితే? అది నల్ల మేక కోసం కాక ఇంకెవరి కోసమైనా బెంగపడుతుంటే? నిన్నటినుంచీ ఉన్న పస్తులో బుర్ర సరిగా పనిచేసిందో లేదో ఎవరికి తెలుసు? ఊరంతా అతని వెనకే నిలబడింది. సబిన్‌స్పెక్టరు కూడా నిలబడ్డాడు. మేక కోసం కాపలా కాయవలసి వస్తుందని ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకెవరూ చెప్పలేదు.

అయిదు కావస్తుండగా తుంగ పొదల వెనకనుంచి తాటిదోనె వచ్చింది. వెనక పైడమ్మ గడ వేస్తోంది. ముందు కొసన నల్ల మేకపోతు, జమీందారులా నిలబడి ఉంది. అది ఇంకా గొంతు విప్పకముందే దొడ్లో పెద్ద రంకె వినపడింది. ఆ వెంటనే తాడు తెగిన చప్పుడైంది. జనం రెండుగా చీలిపోయారు. గజపతి గట్టు దిగి, కడుపు మునిగేదాకా కాలవలోకి దూసుకుపోయింది. మేక దోనె మీంచి సరాసరి దాని వీపు మీదికి గెంతింది. గజపతి తల వెనక్కి తిప్పి దాన్ని చెవినుంచి తోక దాకా నాకింది. బురద, నీళ్ళు, బంతిపూలు అన్నీ కలిసి కాలవ అంతా కలకలమైపోయింది.

గట్టెక్కాక మేక ఎవరి వంకా చూడలేదు. నేరుగా కొట్టంలోకి నడిచి, తొట్టిలో ఉన్న పచ్చి పిల్లిపెసర మేతలో మూతి పెట్టి గబగబా నమలసాగింది. గజపతి దాని పక్కనే నిలబడి ఒక్క క్షణం చూసింది. తర్వాత తనూ మూతి దించింది.

"ఒకటి!" అన్నారు నరసింహరాజు గారు. "రెండు! మూడు!"

పదిహేనో ముద్ద దాకా లెక్కపెట్టారు. ఊరంతా ఈలలు వేసింది. యోబు గారు టోపీ తీసి తల గోక్కున్నారు. "ముప్పై ఏళ్ళనించి ఈ ఉద్యోగం చేస్తున్నానయ్యా," అన్నారు అచ్యుతరావుతో. "ఏ పశువు దగ్గరకెళ్ళినా ముందు థర్మామీటరు తీశాను. ఒక్కదానికీ నులకమంచం వేసుకుని ఎదురుగా కూర్చోలేదు. రిపోర్టు నేను రాస్తాలే. నువ్వు రాస్తే పైవాళ్ళు ఇద్దర్నీ కలిపి పిచ్చాసుపత్రికి పంపుతారు."

అచ్యుతరావు వినడం లేదు. రత్నమాణిక్యం గారు అతని ముందు ఆకు వేసి, "అన్నీ కూరగాయలే బాబూ, కొత్త గిన్నెల్లో వండించాను," అంటున్నారు. బీరకాయ పప్పు, దోసకాయ పచ్చడి, గడ్డ పెరుగు. అతను తిన్న తీరు చూసి, ఆంబోతు కంటే డాక్టరే ఎక్కువ బెంగపెట్టుకున్నాడని ఆ ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు.

బుధవారం తాడేపల్లిగూడెం ప్రదర్శనకు గజపతిని లారీలో తీసుకెళ్ళారు. పక్కనే మేక, మేక పక్కన కొత్త చీర కట్టుకున్న పైడమ్మ. రెండు రోజుల పస్తువల్ల డొక్కలు కాస్త లోపలికి ఉన్నాయని న్యాయనిర్ణేతలు గజపతికి రెండో బహుమతి ఇచ్చారు. రాజుగారు ఏమాత్రం బాధపడలేదు. "పస్తుంటేనే రెండోది వచ్చిందండి! తినుంటే మావాడు ఏకంగా కలెక్టరయ్యేవాడండి!" అని ఎదురొచ్చినవాళ్ళందరికీ చెప్పి మీసాలు మెలేశారు.

డాక్టరు సంగతి కూడా ఆ మైదానమంతా పాకిపోయింది. రెండు రోజులు మేత మానేసిన ఆంబోతును ఒక్క మందుతో నిలబెట్టాడట అని అందరూ అతని చుట్టూ మూగారు. వాళ్ళను తోసుకుంటూ కలిదిండి నుంచి వచ్చిన ఒక ఆసామి ముందుకొచ్చాడు. అతని పేరు చలపతిరావు. కిందటి నెల ఒక పెద్ద మందలోంచి పాడిగేదెను కొనుక్కొచ్చాడట. వచ్చినకాడినుంచి అది సరిగా మేయడం లేదట, పాలు కూడా చేపడం లేదట.

అచ్యుతరావు సంచీలో థర్మామీటరు కోసం చెయ్యి పెట్టబోయి ఆగాడు. "మీ ఇంట్లో ఇంకో గొడ్డేదైనా ఉందాండి?"

"లేదండి. ఇదొక్కతేనండి."

"కట్టేసిన చోటునించి ఎటు చూస్తుంటుంది?"

"ఎప్పుడూ వచ్చిన దారివైపే చూత్తుంటదండి."

"దానికి జబ్బు లేదండి. తోడు లేదు. దూడైనా సరే, గొర్రయినా సరే. మేకయితే తేలిగ్గా దొరుకుతుంది." అతను మర్చిపోతాడేమోనని జేబులోంచి చీటీ తీసి, 'మేక ఒకటి' అని రాసిచ్చాడు.

చలపతిరావు ఆ చీటీని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. భద్రంగా మడిచి రొంటిన దోపుకుని, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఇది మేతకి ముందు పట్టించాలాండీ, తర్వాత పట్టించాలాండీ?"